బొమ్మ మీద చెయ్యి

వయోజన విద్యా కేంద్రాల్లో చదువు చెప్పబోయేవాళ్లకు శిక్షణ ఇచ్చే భాగీరథమ్మగారికి ఒక పట్టింపు ఉండేది. రాతపరీక్షలో ఎన్ని మార్కులు వచ్చినా సరే, శిక్షణలో భాగంగా ఆ మనిషి దగ్గర చదువుకుంటున్నవారెవరైనా తన ఎదుట ఒక పాఠం చదివితేగాని యోగ్యతా పత్రం మీద సంతకం పెట్టేవారు కాదు.

అందరికంటే బాగా పరీక్ష రాసిన సింహాద్రికి ఇది మింగుడు పడలేదు. ఆ పత్రం లేకపోతే ఊళ్లో కేంద్రం అతని చేతికి రాదు. "నేర్చుకునేవాళ్లకు రాకపోతే నేర్పేవాడి యోగ్యత ఎలా పోతుందమ్మా?" అని కాస్త కోపంగానే అడిగాడు. ఆమె వాదించలేదు. "సాయంత్రం మీ ఊరు వస్తాను," అన్నారంతే.

సింహాద్రి తన దగ్గర చదివేవాళ్లలో చురుకైన పైడమ్మను నిలబెట్టాడు. ఈ వయసులో నీకు చదువేమిటని రోజూ ఎగతాళి చేసే మొగుణ్ణి ఆమె పట్టుబట్టి వెంటబెట్టుకొచ్చింది. పాపం, పెట్టెలో దాచుకున్న చీర కట్టుకుంది. వాచకం తెరిచి, బావి బొమ్మ కింద ఉన్న వాక్యాలన్నీ వేలు పెట్టి గడగడా చదివేసింది. మొగుడు నోరు వెళ్లబెట్టాడు. సింహాద్రి ముఖం వెలిగిపోయింది.

భాగీరథమ్మగారు బొమ్మను అరచేత్తో కప్పి, "ఇంకొక్కసారి చదువు తల్లీ," అన్నారు.

పైడమ్మ వేలు మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. "సెయ్యి తియ్యండమ్మా," అంది అమాయకంగా. "బొమ్మ లేకుంటే అచ్చరాలు పలకవు."

తన రాతపరీక్ష ముంచుకొస్తోందన్న హడావిడిలో సింహాద్రి రోజూ బొమ్మ చూపించి పాఠం వల్లె వేయించాడు. ఆమె దాన్నే చదువనుకుంది. మోసం చేద్దామని ఇద్దరిలో ఎవరికీ లేదు. ఈ సంగతి తలుచుకుంటే నాకు ఎక్కువ బాధ కలిగేది అందుకే.

మొగుడు పకపకా నవ్వాడు. ఆ నవ్వుతో ఆమెకు విషయం తెలిసింది. "అయితే నాకు సదువు రానేదా మేస్టారూ?" అని అడిగింది. సింహాద్రి తల వంచుకున్నాడు. ఆమె పుస్తకం మూసి అక్కడే పెట్టేసి, చెంగు తలమీదికి లాక్కుని వెళ్లిపోయింది.

సింహాద్రి భాగీరథమ్మగారిని బస్సు దాకా సాగనంపడానికి వచ్చాడు. చివరికి ఉండబట్టలేక, "మరి నా పత్రం సంగతేమిటమ్మా?" అన్నాడు.

"అది నా దగ్గర భద్రంగానే ఉంటుంది నాయనా," అన్నారు భాగీరథమ్మగారు. "రేపు ఆ తల్లి వస్తుందో రాదో, అది చూసుకో."