ఆగి వచ్చాం, లోవమ్మా

అనగనగా ఒక ఏరు. ఏటికి ఇవతల ఒక ఊరు, అవతల ఒక ఊరు. పేర్లేమిటని అడక్కండి, ఆ పేర్లు ఏనాడో ఏట్లో కొట్టుకుపోయాయి. ఇటుదాన్ని ఇవతలూరు అందాం, అటుదాన్ని అవతలూరు అందాం. ఊఁ కొట్టండి మరి. మీరు ఊఁ కొట్టకపోతే నా కథ నడి ఏట్లో నిలబడిపోతుంది, తర్వాత నన్నని లాభం లేదు.

ఏటి నడుమ ఒక ఇసుక దిబ్బ. దిబ్బకి ఇటొక పాయ, అటొక పాయ. పొద్దున్నే మంచు దిగిందంటే రెండూళ్ళూ మాయమైపోయేవి. దిబ్బ ఒక్కటే తెల్లగా, నీళ్ళమీద తేలుతున్నట్టు కనబడేది. ఆ మంచులోంచి గెడ నీళ్ళలో పడే చప్పుడు వినిపిస్తే జనం అనుకునేవారు, లోవమ్మ వస్తోందని.

లోవమ్మ దోనె నడిపేది. మొగుడు పోయాక అతని గెడ తన చేతిలోకి తీసుకుంది. ఒక దోనె, ఒక గెడ, ఒక కూతురు, ఇంతే ఆవిడ సంసారం. మనిషి బక్కపలచన, మాట మెత్తన. కానీ ఒక అలవాటు మాత్రం మానేది కాదు. మొదటి పాయ దాటగానే దోనెని దిబ్బకి ఆనించి, గెడ ఇసకలో గుచ్చి, రెండో పాయకేసి చూసేది. నీళ్ళు ఎర్రబడ్డాయా, చెత్త తేలుతోందా, సుడి తిరుగుతోందా అని. ఏరు పాలగిన్నెలా కదలకుండా ఉన్నరోజు కూడా అంతే. తొందరున్నవాళ్ళు సణిగేవారు, విసుక్కునేవారు, కొందరు నోరు పారేసుకునేవారు. ఆవిడ ఒకటే మాట అనేది.

"వద్దనడం లేదుగా. ఆగి పోదాం."

కూతురు మాణిక్యాన్ని అవతలూరికే ఇచ్చింది. కాపురం చల్లగా ఉంది, కడుపు పండింది. తొలి కానుపు పుట్టింట్లో జరగాలి కదా మన వైపు. నెలలు నిండుతుంటే లోవమ్మ ఇల్లు అలికింది. నులకమంచం విప్పి మళ్ళీ అల్లింది. తన పాత చీరలన్నీ ఉతికి, మెత్తగా మడతలు పెట్టింది. ఆవిడకి ఈ లోకంలో కావలసింది ఒక్కటే. ఆ మంచం మీద కూతురు కనాలి, ఆ పురిటిబిడ్డని తన రెండు చేతుల్లోకి తీసుకోవాలి. ఇంకేం అడగలేదు దేవుణ్ణి.

మంచిరోజు చూసుకుని తీసుకొద్దామనుకుంటుండగా అవతలూరికి జబ్బు వచ్చింది. ఏ తీర్థం నుంచి వచ్చిందో, ఏ బండెక్కి వచ్చిందో. రొమ్ము పట్టేసి ఊపిరి ఆడనిచ్చేది కాదు. ఒకరు దగ్గితే ఇంటిల్లిపాదీ పడకేసేవారు. గాలివాటం ఇటు తిరిగినప్పుడల్లా ఏడుపులు నీళ్ళమీదుగా వచ్చేవి.

ఇవతలూరికి పెద్ద దాలినాయుడు. చెడ్డవాడు కాదు, కానీ పట్టిన పట్టు విడవడు. దండోరా వేయించాడు. ఇటువాళ్ళు అటు పోకూడదు, అటువాళ్ళు ఇటు రాకూడదు, దోనె గట్టెక్కించి బోర్లించెయ్యాలి. లోవమ్మ బోర్లించింది. బోర్లించి దానిమీదే కూర్చుని అవతలి గట్టుకేసి చూసింది. ఒకనాడు ఓర్చుకుంది. మర్నాడు ఓర్చుకుంది. మూడోనాడు తెల్లారేసరికి మంచు దట్టంగా దిగింది, తన చెయ్యి తనకే కనబడటం లేదు. లేచి దోనె నీళ్ళలోకి తోసింది. ఔను, తోసింది. కన్నకూతురండీ. మీరైతే ఊరుకునేవారా?

మొదటి పాయ దాటింది. దిబ్బ దగ్గరికొచ్చేసరికి అలవాటైన చెయ్యి తనంతట తనే గెడ గుచ్చేసింది. సరే, ఆగింది. చూసింది. అంతలో కింద జమ్ముగడ్డి వైపు మంచు కాస్త విచ్చుకుంది. అక్కడ మొలలోతు నీళ్ళలో మనుషులు. నెత్తిన మూటలు పెట్టుకుని ఇటువాళ్ళు అటు పోతున్నారు, అటువాళ్ళు ఇటు వస్తున్నారు. కళ్ళు దించుకుని, చప్పుడు చెయ్యకుండా, కలలో మనుషుల్లా నడుస్తున్నారు. అందులో దాలినాయుడి సొంత బావమరిది కూడా ఉన్నాడు, నెత్తిమీద అరటిగెలతో. లోవమ్మకి ముందు నవ్వొచ్చింది. తర్వాత గుండె గుభేలుమంది. వీళ్ళతోపాటు జబ్బు కూడా మొలలోతు నీళ్ళలో నడిచి వస్తోంది కదా. మరి తను చేస్తున్నదేమిటి? దోనె వెనక్కి తిప్పింది.

ఊరి చావడిలో ఆ పొద్దున్నే పెద్ద రభస. జమ్ము దారి సంగతి అప్పటికే పొక్కింది. ముళ్ళకంప కొట్టి, వచ్చినవాడి కాళ్ళు విరగ్గొట్టాలని సగం ఊరు. ఏరు ఎవడబ్బ సొత్తు, నా కాళ్ళు నా ఇష్టం, మా అమ్మ అక్కడ పోతుంటే నేనిక్కడ చేతులు ముడుచుకు కూర్చోవాలా అని సగం ఊరు. మా పిల్లల ప్రాణాలు నీ ఇష్టమా అని మళ్ళీ వీళ్ళు. రెండువైపులా న్యాయం ఉంది, అదే వచ్చిన చిక్కు. లోవమ్మ వచ్చి, తను చూసింది చెప్పింది. తనూ దోనె తీసిందని కూడా చెప్పింది. అందరూ ముక్కుమీద వేలేసుకున్నారు.

"నాయుడుగారూ, మీరు రేవు మూశారు, జనం జమ్ములోంచి వస్తున్నారు. జమ్ము మూస్తే ఇంకో దారి వెతుక్కుంటారు. వాళ్ళని రావొద్దనకండి. దిబ్బ మీద ఆగి రమ్మనండి."

అమావాస్యకి వచ్చినవాళ్ళు పున్నమిదాకా, పున్నమికి వచ్చినవాళ్ళు అమావాస్యదాకా దిబ్బ మీద ఉండాలి. ఉండటానికి తాటాకు పాకలు వేద్దాం. కూడూ కూరా ఇవతలి రేవులో పెట్టి, మూడుసార్లు పిలిచి, వెనక్కి తప్పుకోండి, నేను దోనెలో వచ్చి పట్టుకెళ్తాను. ఒంట్లో ఏం లేదని తేలాక ఎవరిళ్ళకి వాళ్ళు పోవచ్చు. ఇదీ ఆవిడ చెప్పింది. దాలినాయుడు మీసం దువ్వుకున్నాడు. అంతా బాగానే ఉంది లోవమ్మా, రోజూ అటువాళ్ళని దాటించేదానివి, మరి నువ్వు ఊళ్ళోకి ఎలా వస్తావని అడిగాడు.

ఆ సంగతి అప్పటిదాకా ఆవిడకి తట్టలేదు. చావడి అరుగుమీంచి చూస్తే తన ఇల్లు కనబడుతోంది. వాకిట్లో కొత్తగా అల్లిన నులకమంచం కనబడుతోంది.

"రాను," అంది.

అప్పట్నించి దోనే ఆవిడకి ఇల్లు. దాటేవాళ్ళు ఈ కొసన, ఆవిడ ఆ కొసన. మధ్యలో గెడంత దూరం. ముందుగా వచ్చినవాడు ఉప్పు అమ్ముకునే సింహాద్రి. జబ్బు నాకెక్కడుంది, గుండ్రాయిలా ఉన్నాను, నన్ను కట్టేసే హక్కు నీకెవరిచ్చారని పున్నమిదాకా తిడుతూనే ఉన్నాడు. తిట్టినప్పుడల్లా ఆవిడ ఒకటే మాట అనేది. వద్దనడం లేదుగా బాబూ, ఆగి పోదువు. చివరికి తిట్టి తిట్టి అలిసిపోయి, పున్నమికి ఊళ్ళోకి వెళ్ళాడు. తర్వాత ఒక ముసలితల్లి వచ్చింది, ఇవతలూళ్ళో ఉన్న కొడుకుని చూసుకోవాలని. దిబ్బ మీదే దగ్గు పట్టుకుంది. కొడుకు రేవులో నిలబడి, గొంతెత్తి చిన్ననాటి ముచ్చట్లు చెబుతుంటే వింటూ వింటూ కన్నుమూసింది. ఆ తర్వాత దిబ్బ ఎందుకని అడిగినవాడు లేడు.

మూడోది మాణిక్యం. అత్తకి జబ్బు తగిలింది, మొగుడు తల్లిని వదిలి రాలేక పెళ్ళాన్ని పంపించాడు. నిండునెలలతో అవతలి రేవులో నిలబడి ఉంటే, లోవమ్మ దోనెక్కించుకుంది. ఎక్కించుకుంటే మాత్రం ఏం లాభం? గెడంత దూరం గెడంత దూరమే. కడుపు నిమరాలని చేతులు కొట్టుకుపోతున్నా నిమరలేదు. దిబ్బ మీద కూతురు పాకలో, తల్లి దోనెలో, చంద్రుడికేసి చూస్తూ గడిపారు. ఇంకాస్త నిండితే పున్నమి. పున్నమి వస్తే ఇల్లు, మంచం.

పిల్ల ఆగలేదు. పున్నమి ఇంకా రాకముందే, ఒక పలచటి మంచు పొద్దున మాణిక్యానికి నొప్పులు మొదలయ్యాయి. కేక విని ఊరు ఊరంతా ఇవతలి గట్టుకొచ్చింది. ఎంత పట్టుదల మనిషైనా దాలినాయుడు తట్టుకోలేకపోయాడు.

"లోవమ్మా, కూతుర్ని ఇంటికి తీసుకొచ్చెయ్. ఊరికింత చేసినదానివి, నీకేం కట్టడి? మేమెవరమూ చూడం."

అనడమే కాదు, ఏటికి వీపు తిప్పి నిలబడ్డాడు. అది చూసి పక్కవాడు తిరిగాడు. ఉప్పు సింహాద్రి కూడా తిరిగాడు. ఆడా మగా అందరూ తిరిగిపోయారు. మంచులో గట్టు పొడుగునా వీపులే.

"అమ్మా, ఎవరూ చూడటం లేదు. మన ఇల్లు కనబడుతోందే. తీసుకెళ్ళమ్మా," అని ఏడ్చింది మాణిక్యం.

లోవమ్మ గెడ పట్టుకుంది. మనసు అప్పటికే ఇంటికి పోయింది, మంచం పక్కన నిలబడింది. ఒక్క పాయ, అంతే. గెడ ఎత్తి గట్టుకేసి చూసింది. పెద్దవాళ్ళంతా అటు తిరిగారు కానీ, తల్లుల భుజాలమీద పసిపిల్లలుంటారే, వాళ్ళు వెనక్కి చూస్తుంటారు కదా. ఆ పిల్లలందరూ ఆవిడకేసే చూస్తున్నారు. ఒకడు వేలు చీకుతూ, ఒకత్తి ముక్కు కార్చుకుంటూ, ఇంకొకడు దోనెని చూసి నవ్వుతూ.

గెడ మళ్ళీ ఇసకలో గుచ్చేసింది.

"వద్దనడం లేదుగా తల్లీ," అంది. "ఆగి పోదాం."

అప్పుడు గట్టుమీంచి మంత్రసాని అప్పాయమ్మ, చీర ఎగదోపుకుని నీళ్ళలోకి దిగింది. వెళితే పున్నమిదాకా తిరిగి రాకూడదని నాయుడు గుర్తుచేశాడు. వెళ్ళడం నా ఇష్టమే కదా నాయుడూ, ఆగే వస్తాలే అని, మెడలోతు నీళ్ళలో మూట నెత్తిన పెట్టుకుని దిబ్బకి చేరింది. గట్టు మీద ఆడవాళ్ళు జోలపాటలు ఎత్తుకున్నారు. బిడ్డ ఇంకా పుట్టనేలేదు, వీళ్ళకి తొందర. ఆ పాటలు మంచులో తడిసి, మెల్లగా దిబ్బ మీదికి వచ్చాయి.

లోవమ్మ కట్టెలు ఎగదోసి నీళ్ళు కాచింది. ఇంట్లోంచి పాత చీరలు గట్టుకి తెప్పించి, దోనెలో పట్టుకొచ్చి, పొయ్యి పక్కన వెచ్చబెట్టింది. చేతులు రెండూ కడుక్కుంది. అప్పుడొచ్చింది దగ్గు. ఒకటి. మళ్ళీ ఒకటి. మూడోదానికి రొమ్ములో ఏదో పట్టేసింది. అదేమిటో ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఎవర్ని దాటించినప్పుడు అంటుకుందో దేవుడికెరుక. కూతుర్ని గట్టెక్కించి ఉంటే ఆ జబ్బు కూడా ఊరెక్కేది.

ఆవిడ గెడ ఇసకలోనే వదిలేసింది. దోనె తాడు విప్పుకుని, చేత్తో నీళ్ళు తోసుకుంటూ గెడంత దూరం జరిగింది. ఇంకో గెడంత. మూడో గెడంత. అక్కడ లంగరేసుకుంది. అమ్మా ఎక్కడికే అని లోపల్నించి మాణిక్యం పిలిస్తే, ఇక్కడే ఉన్నానే అంది.

పొద్దు నడినెత్తికొచ్చి మంచు కరిగే వేళకి బిడ్డ ఏడుపు వినబడింది. అప్పాయమ్మ పాకలోంచి బయటికొచ్చి, రెండు చేతులతో పైకెత్తి చూపించింది.

"వదినా, మనవరాలు!"

లోవమ్మ దోనెలో లేచి నిలబడింది. రెండు చేతులూ ముందుకు చాచింది. మధ్యలో మూడు గెడల నీళ్ళు. అయినా చాచింది. బరువేదో అందినట్టు చేతులు కాస్త కిందికి వంగాయి. చాలాసేపు అలాగే ఉండి, ఆ చేతుల్ని మెల్లగా గుండెకి చేర్చుకుంది. గట్టు మీద ఈసారి ఎవరూ వీపు తిప్పలేదు. చూసినవాళ్ళందరూ ఏడ్చారు. నాకూ చెప్పేటప్పుడల్లా ఏడుపొస్తుంది, ఏం చెయ్యను.

మర్నాటి మంచు విచ్చేసరికి దోనె లేదు. జమ్ములో చిక్కుకుందని కొందరు, సముద్రందాకా పోయిందని కొందరు, లేదు లేదు దిబ్బ చుట్టూ ఇంకా తిరుగుతూనే ఉందని కొందరు. గెడ మాత్రం ఇసకలో గుచ్చినచోటే ఉంది. పున్నమినాడు మాణిక్యం, బిడ్డ, అప్పాయమ్మ ఊళ్ళోకి వచ్చారు. నులకమంచం మీద బిడ్డని పడుకోబెట్టారు. ఆ రేవుదారిన ఇవతలూళ్ళోకి జబ్బు అడుగుపెట్టలేదు.

ఇప్పటికీ ఆ ఏటిమీద దోనెలు దిబ్బకి ఆనకుండా దాటవు. ఎవరూ దిగకపోయినా, ఎంత తొందరున్నా ఒకసారి ఆనిస్తారు. ఎక్కినవాళ్ళందరూ అంటారు, ఆగి వచ్చాం, లోవమ్మా అని. ఆ రెండూళ్ళలో పెద్దవాళ్ళు పిల్లల్ని వెళ్ళొద్దనరు. ఆగి వెళ్ళమంటారు.

ఇంకొకటుంది. ఏ ఇంట్లో బిడ్డ పుట్టినా, మొదటిసారి గడప దాటించేది ఏటికే. తల్లి మోకాలిలోతు నీళ్ళలోకి దిగి, బిడ్డని రెండు చేతులతో దిబ్బకేసి ఎత్తి పట్టుకుంటుంది. అమ్మమ్మ మూడుసార్లు పిలుస్తుంది, లోవమ్మా, లోవమ్మా, లోవమ్మా అని. తల్లి పచ్చి బాలింత కదా, చేతులు లాగేసి, ఇక దింపనా అని అడుగుతుంది. గట్టుమీద ముసలమ్మలు ఒప్పుకోరు.

"ఇంకాస్త ఆగవే," అంటారు. "ఆవిడ దూరం నుంచి ఎత్తుకోవాలి."