పండితులవారి చిత్తం

"గురువుగారూ, కొలువు అడగబోయేవాడు ముందుగా ఏం సిద్ధం చేసుకోవాలండీ?" అని అచ్యుతం అడిగాడు.

ఉగాదికి ఇంకా పక్షం రోజులుంది. గుమ్మలపాడు దివాణంలో ఏటా కొత్త కొలువులిచ్చేది ఆ ఒక్క పండుగనాడే. ఆ రోజు దాటిపోతే మళ్ళీ ఉగాది దాకా అక్కడ పలకరించే నాథుడుండడు. అచ్యుతం పోయిన ఉగాదికి వెళ్ళి వట్టి చేతులతో తిరిగొచ్చాడు. వాళ్ళమ్మ ఊళ్ళో పెళ్ళిళ్ళకి వండిపెట్టి అతన్ని చదివించింది. పొయ్యి పొగకి ఈమధ్య ఆవిడ చూపు మందగించింది, పనికి పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. ఈసారీ కొలువు రాకపోతే ఆవిడకి ముఖం ఎలా చూపించాలా అని అతని బెంగ. అందుకే మాఘమాసం నుంచీ ఒకటే హడావిడి. ధర్మశాస్త్రం మొదటినుంచీ తిరగేశాడు. ఎవరినో బతిమాలి జరీ అంచు పంచె తెచ్చుకున్నాడు. తోటి విద్యార్థిని అరుగు మీద కూర్చోబెట్టి, "నువ్వే రాజావారివి, అడుగు" అని ప్రశ్నలు అడిగించుకున్నాడు. ఆ కుర్రాడు కాలు మీద కాలేసుకుని, "మీకు పులిహోర కలపడం వచ్చునా?" అని అడిగితే అందరూ నవ్వారు గానీ అచ్యుతం నవ్వలేదు.

గురువు పేరిశాస్త్రిగారికి అడిగినదానికి సూటిగా జవాబు చెప్పే అలవాటు లేదు. ఎవరేం అడిగినా ఎక్కడికో పంపించేవారు. మన గురువుగారి దగ్గర సమాధానాలుండవు, ప్రయాణాలుంటాయి అని శిష్యులు చాటున వేళాకోళం ఆడేవాళ్ళు. ఈసారీ అంతే అయింది.

"పోయిన ఉగాదికి నీతో వెళ్ళిన విశ్వపతికి కొలువు దొరికింది కదా. వాడింటికి వెళ్ళు. ఓ రోజుండి, చూసింది వచ్చి చెప్పు" అన్నారు.

"చిత్తం" అన్నాడు అచ్యుతం. ఆ పాఠశాలలో గురువుగారు ఏం చెప్పినా శిష్యుడు చేతులు కట్టుకుని అనవలసిన మాట అది. చేరిన రోజున, పాఠం మొదలుపెట్టకముందే, అదే నేర్పుతారు.

ఈ విశ్వపతి గురించి ఒక్క ముక్క చెప్పాలి. చదువుకునే రోజుల్లో వాడి నోటికి ఎదురుండేది కాదు. దానమిచ్చినదాన్ని తిరిగి లాక్కోవడాన్ని శాస్త్రంలో దత్తాపహారమంటారు. ఆ ఘట్టం వాడు వాదిస్తుంటే వీధిలో పోయేవాళ్ళు కూడా నిలబడి వినేవాళ్ళు. ఇచ్చిన మహారాజుకే కానీ, ఆయన మనవడికే కానీ, మళ్ళీ ముట్టుకునే హక్కు లేదని అరుగు దద్దరిల్లేలా చెప్పేవాడు. అలాంటివాడు ఇప్పుడు దివాణంలో ధర్మం చెప్పే పండితుడు. తగువు వచ్చినప్పుడు శాస్త్రం ఏమంటుందో రాజావారికి విన్నవించడం వాడి ఉద్యోగం.

అచ్యుతం వెళ్ళేసరికి సాయంత్రమైంది. విశ్వపతి స్నేహితుణ్ణి చూసి నిజంగానే సంతోషించాడు. కాళ్ళకి నీళ్ళిచ్చి, ఫలహారం పెట్టి, అడిగిందే తడవుగా మర్మం విప్పాడు. "శాస్త్రం బరువంతా మోసుకురాకు. అక్కడ ఎవరూ అడగరు. ఉత్తరీయం తీసి నడుముకి కట్టుకో. చూపు రాజావారి పాదాల మీద ఉంచు. ఆయన మాట ఆగగానే చిత్తం అను. ముందూ వద్దు, వెనకా వద్దు."

ఆ మాటల్లో ఉండగానే విశ్వపతి తండ్రి కొండావధానిగారు ఊరి నుంచి నడిచొచ్చారు. ముసలాయన కూర్చోను కూడా లేదు. వాళ్ళ కుటుంబం బతికేది ఒక పనసతోట మీద. ఇప్పటి రాజావారి తాతగారు ఆ తోటని వాళ్ళకి దానమిచ్చారు. దివాణం మనుషులు వచ్చి, గుర్రపుసాలలు కట్టాలని దాన్ని కొలుచుకుని పోయారట.

"రేపు దర్బారులో విచారణ. తాత ఇచ్చింది మనవడు తీసుకోకూడదని నువ్వే కదరా గొంతు చించుకునేవాడివి. రేపు ఆ మాట చెబుతావు కదూ?" అన్నారు.

"చిత్తం నాన్నగారూ" అన్నాడు విశ్వపతి.

ముసలాయన ప్రాణం కుదుటపడింది. కడుపునిండా భోంచేశారు. "కొడుకు కొలువులో ఉంటే ఆ ధైర్యమే వేరు నాయనా. నీకూ ఈ ఉగాదికి అయిపోతుందిలే" అని అచ్యుతాన్ని కూడా దీవించారు.

తెల్లవారాక ముగ్గురూ దివాణానికి వెళ్ళారు. రాజావారు తాంబూలం వేసుకుంటూ వ్యవహారం విన్నారు. "అది మా తాతగారి సొత్తు. మేం తీసుకుంటే దోషమేమీ లేదు కదా, పండితులవారూ?" అన్నారు.

కొండావధానిగారు కొడుకు ముఖంలోకి ఆశగా చూశారు. విశ్వపతి రాజావారి పాదాల మీద నుంచి చూపు ఎత్తలేదు. మాట ఆగగానే, ముందూ కాకుండా వెనకా కాకుండా, "చిత్తం" అన్నాడు.

"చూశారా, శాస్త్రం కూడా మా పక్షమే" అని రాజావారు తరవాతి సంగతిలోకి వెళ్ళిపోయారు. మూడు తరాలు తిన్న తోట నోట్లో తాంబూలం నమలడం అయ్యేలోపు పోయింది.

బయట ముసలాయన గొడవ పడలేదు. కొడుకు ఎదుట నిలబడి, "రాత్రి నాతోనూ చిత్తమే అన్నావు. ఇప్పుడు ఆయనతోనూ చిత్తమే అన్నావు. ఇందులో ఏది నిజంరా?" అని అడిగారు.

విశ్వపతి తండ్రి పాదాల వంక చూస్తూ, "చిత్తం" అన్నాడు.

కావాలని అన్నాడని నేననుకోను. నోరు తెరిస్తే వాడికి ఇంకో మాట రావడం మానేసింది, అంతే. అయినా తలుచుకుంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. ముసలాయన కండువాతో ముఖం తుడుచుకుని తోట వైపు నడిచారు. చెట్లన్నీ పిందె మీద ఉన్నాయని మాత్రం అచ్యుతంతో చెప్పి వెళ్ళారు.

అచ్యుతం తిరిగొచ్చి జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. విశ్వపతిని నాలుగు తిట్లు కూడా తిట్టాడు. పేరిశాస్త్రిగారు చివరిదాకా విని ఒక్కటే అడిగారు.

"దత్తాపహారం నువ్వూ చదివావు. ఆ వేళ దర్బారులో నువ్వూ నిలబడి ఉన్నావు. ఏమైనా అన్నావా?"

"శ్లోకం నాలిక చివరిదాకా వచ్చిందండీ. ఉగాది దగ్గరలో ఉంది కదా, రాజావారు నన్ను గుర్తుపెట్టుకుంటారేమోనని..." అని అచ్యుతం ఆగిపోయాడు.

గురువుగారు కోప్పడలేదు. కోప్పడితే బాగుండునని అచ్యుతానికి అనిపించింది.

"అయితే పండుగకి దివాణానికి వెళుతున్నావన్నమాట" అన్నారు.

అచ్యుతానికి పొగచూరిన వంటింట్లో తడుముకుంటూ గిన్నె వెతుక్కునే తల్లి కనిపించింది. చేతులు వాటంతటవే కట్టుకున్నాయి. చూపు గురువుగారి పాదాల మీద వాలింది.

"చిత్తం" అన్నాడు.

పేరిశాస్త్రిగారు పాదాలు వెనక్కి లాక్కుని పంచె కప్పుకున్నారు. "ఇన్నేళ్ళూ గొంతు పోయేలా శాస్త్రం చెప్పాను నాయనా. మీ ఇద్దరికీ వంటబట్టింది మాత్రం మొదటిరోజు పాఠమే" అన్నారు.