రెండు బుట్టల మిరపకాయలు

జరీనా పేరు బడి రిజిస్టరులోంచి కొట్టెయ్యాలని యూసఫ్ నిశ్చయించుకున్నాడు.

దర్గా పక్క గదిలో హజ్రత్ జలాలుద్దీన్ నడిపే ఉచిత బడి అది. యూసఫ్ ఆయన దగ్గరే చదువుకుని, ఇప్పుడు అక్కడే పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నాడు. మాటకు ముందు చేర్చేవి, చివర చేర్చేవి, చేర్చినప్పుడు స్పెల్లింగు ఎక్కడ మారుతుందో అన్నీ అట్ట మీద రాసి గోడకు కట్టాడు. పిల్లలు వాటిని గడగడా అప్పజెబుతుంటే అతనికి గర్వంగా ఉండేది.

పదకొండేళ్ల జరీనా ఒక్కతే కొరుకుడు పడలేదు.

"సూత్రం అడిగితే తడుముకోకుండా చెబుతుంది, హజ్రత్. రాయమంటే 'హ్యాపీ' అని రాసి ఆపేస్తుంది. చివర 'నెస్' ఎవరు రాస్తారు? ఒట్టి బద్ధకం. నిన్న బెత్తంతో రెండు వేశాను."

"ఎక్కడ?"

"అరచేతి మీద."

హజ్రత్ అతని అరచేతుల వైపు చూశారు.

"పేరు కొట్టేస్తే వాళ్లమ్మ ఏమంటుంది?"

"రోజంతా పనిలో పెట్టుకుంటానంది."

"సరే బేటా. ఇవాళ శుక్రవారం, బడి లేదుగా. వెళ్లి ఆ పిల్ల పొద్దుటి పని నువ్వు చేసిరా. వచ్చాక కొట్టేద్దువుగాని."

జరీనా ఇంటి ముందు ఎండుమిరపకాయలు గుట్టగా పోసి ఉన్నాయి. వ్యాపారి బస్తాలు దించి వెళతాడు. తొడిమలు తీసి తిరిగి అప్పజెప్పాలి. బడికి వచ్చే ముందు రోజూ రెండు బుట్టలు జరీనా వంతు.

"తెల్లచొక్కాతో వచ్చారేంటి సారూ, పెళ్లికొచ్చినట్టు!" అంది తల్లి బీబీజాన్. "కళ్లు మాత్రం నలుపుకోకండి."

జరీనా తలెత్తకుండా గోనెపట్టా మీద జరిగి చోటిచ్చింది.

మొదటి బుట్ట సగమయ్యేసరికి యూసఫ్ గోళ్ల సందుల్లో మంట మొదలైంది. రెండోది ముగిసేసరికి వేళ్లు ముడవలేకపోయాడు. లేచి తొట్టి దగ్గరికి వెళ్లి చేతులు కడుక్కున్నాడు. మంట మోచేతి దాకా పాకింది.

"నీళ్లతో పోదు సార్," అంది జరీనా. "నూనె రాయాలి."

ఆమె లోపలికి వెళ్లింది. ఖాళీ సీసా తెచ్చి, తిరగేసి చూపించి, మళ్లీ తీసుకెళ్లింది.

యూసఫ్ తిరిగొచ్చేసరికి హజ్రత్ రిజిస్టరు తెరిచి, పక్కన కలం పెట్టుకుని కూర్చుని ఉన్నారు.

"కొట్టెయ్."

యూసఫ్ కలం తీశాడు. జారిపోయింది. మళ్లీ తీశాడు. కాగితం మీద ఒక వంకర గీత పడి, ఆ పేరు దాకా రాకుండానే ఆగిపోయింది.

"పట్టు దొరకడం లేదు, హజ్రత్."



యూసఫ్ చాలాసేపు తన అరచేతులు చూసుకుంటూ నిలబడ్డాడు. చివరికి, "రేపు ఆ పిల్లని క్షమించమని అడుగుతాను," అన్నాడు.

హజ్రత్ రిజిస్టరు మూశారు.

"అడుగు బేటా. రేపూ రెండు బుట్టలుంటాయి."