ఎర్ర చుక్క పెట్టిన సాకెట్టు

కాకినాడలో డిగ్రీ రెండో ఏడు చదివే జోషితకు, ఎవరేం చెప్పబోయినా సగంలోనే ఆపేసి "నాకు తెలుసు" అనే అలవాటు ఉండేది. పప్పులో ఉప్పెప్పుడు వెయ్యాలో చెప్పబోయిన అమ్మకూ అదే మాట, దారి చెప్పబోయిన ఆటో అతనికీ అదే మాట. తెలివైన పిల్లే. కానీ దీనికి దేవుడు చెవులు కేవలం జుంకాలు పెట్టుకోవడానికే ఇచ్చాడా అని వాళ్ల నాన్న విసుక్కునేవాడు.

జోషితకు కంప్యూటర్ ఆటలంటే ప్రాణం, అందులోనూ కార్ల పందేలంటే మరీను. ఆమె పుట్టినరోజుకు దొరబాబు బాబాయి తన చేత్తో బిగించిన కంప్యూటర్ ఒకటి తెచ్చి ఇచ్చాడు. ఆయన పిఠాపురంలో ఫొటో స్టూడియో నడిపేవాడు. పెళ్లిళ్లలో నలుగురైదుగురు ఫొటోగ్రాఫర్లు చేరితే ఎవరి సామాను ఎవరిదో తెలియకుండా పోతుంది. అందుకని తన లెన్సులకూ బ్యాటరీలకూ ఎర్ర గోళ్లరంగుతో ఒక చుక్క పెట్టుకునేవాడు. ఆ కంప్యూటర్ వెనకాల కూడా ఒక సాకెట్టు పక్కన అలాంటి చుక్కే పెట్టాడు.

"ఇదుగో చూడమ్మా, మానిటర్ వైరు ఈ ఎర్ర చుక్క ఉన్న..." అని బాబాయి మొదలుపెట్టాడు.

"నాకు తెలుసు బాబాయ్! ఆ మాత్రం వైరు పెట్టుకోలేనా?" అంది జోషిత.

బాబాయి నవ్వేసి, బస్సు టైమైందంటూ వెళ్లిపోయాడు. జోషిత పైనున్న సాకెట్టులో వైరు గుచ్చింది. తెరమీద బొమ్మ వచ్చింది. ఇంకేం కావాలి? నాలుగు రోజుల తర్వాత కంప్యూటర్ తుడుస్తూ, కింది సాకెట్టు పక్కనున్న ఎర్ర చుక్కను ఏదో మరక అనుకుని గోటితో గీకేసింది.

ఆట మాత్రం నత్తనడక నడిచేది. మలుపు దగ్గర తెర ఆగిపోయేది. మళ్లీ కదిలేసరికి కారు గోడకు గుద్దుకుని ఉండేది. స్నేహితులంతా గెలిచి వెళ్లిపోయాక జోషిత కారు తాపీగా వచ్చేది. "మా బాబాయి పాత డబ్బా ఒకటి నాకు అంటగట్టాడు" అని ఆమె అందరితో చెప్పుకునేది. ఒకరోజు బాబాయి ఫోన్ చేస్తే ఆయనతోనూ అదే అంది.

"అలా అవ్వకూడదే! ఒకవేళ వైరుగానీ..."

"వైరు బాగానే ఉంది, నాకు తెలుసు. నువ్విచ్చిందే డబ్బా బాబాయ్."

"సరేలేమ్మా" అని ఆయన ఫోన్ పెట్టేశాడు. ఆ తర్వాత ఫోన్ చేయడం బాగా తగ్గించాడు. జోషిత అది గమనించనైనా లేదు.

ఇక లాభం లేదు, గ్రాఫిక్స్ కార్డు కొనాల్సిందే అనుకుంది. ఆటలోని బొమ్మలను చకచకా తయారుచేసి తెరమీదకు పంపేది ఈ కార్డే. కొత్తది కొనే స్తోమత ఎలాగూ లేదు. పాతవాటిలో రెండు ఆమె మనసులో పడ్డాయి. ఒకటి 580 అనే మోడలు. దానికి మెమరీ ఎక్కువ, ధర తక్కువ, కానీ వేడెక్కుతుంది, కరెంటు బాగా లాగుతుంది. రెండోది 1660. మెమరీ కాస్త తక్కువే అయినా చల్లగా, నిమ్మళంగా పనిచేస్తుంది. మూడు వారాలు ఆమెకు ఇదే ధ్యాస. అన్నం తింటూ 580 అనేది, చెయ్యి కడుక్కునేసరికి 1660 అనేది. ఎన్ని వీడియోలు చూసిందో లెక్కలేదు. తన కంప్యూటర్ మూత తీసి మాత్రం ఒక్కసారి చూడలేదు.

చివరికి కాలేజీ అరకు యాత్రకు దాచుకున్న డబ్బును కార్డుకు మళ్లించింది. "అందరం కలిసి మళ్లీ వెళ్లేది ఎప్పుడే? వచ్చే ఏడు యాత్ర ఉండదన్నారు, ఆలోచించు..." అని స్నేహితురాలు నీలోఫర్ బతిమాలింది. "నాకు తెలుసులేవే" అనేసింది జోషిత.

పాత కంప్యూటర్ సామాను అమ్మే మస్తాన్ గారి దుకాణంలో ఆ రెండు కార్డులూ ఉన్నాయి. ఆయన పెద్ద మనిషి, నిదానస్తుడు.

"ఇప్పుడు మీ పెట్టెలో ఏ కార్డుందో చూశారాండి? ఓసారి మూత తీసి..." అన్నాడాయన.

"అందులో ఏమీ లేదండీ, నాకు తెలుసు. రెండింట్లో ఏది మంచిదో చెప్పండి చాలు."

"అది చూడకుండా ఎలా చెప్తామండి? పోనీ పెట్టె ఇక్కడికి..."

"1660 ఇచ్చేయండి."

"ఆయ్, అలాగేనండి. మరి అమ్మాక వాపసు తీసుకోం."

"తెలుసండీ!"

జోషిత ఇంటికొచ్చి స్క్రూలు విప్పింది. పక్క రేకు ఊడదీసింది. లోపలికి తొంగి చూసింది.

కొత్త కార్డు పెట్టాల్సిన చోట అప్పటికే ఒక కార్డు ఉంది.

చేతిలోని కార్డునూ దాన్నీ మార్చి మార్చి చూసింది. అదే పొడవు, అవే రెండు ఫ్యాన్లు. మీద అదే అంకె, 1660. అంచున ఒక ఎర్ర చుక్క. పెట్టెను తిప్పి వెనకవైపు చూసింది. గోటితో గీకిన చోట ఎరుపు ఇంకా కాస్త మిగిలే ఉంది. అది ఆ కార్డు సాకెట్టు పక్కనే ఉంది. వైరును పై సాకెట్టులోంచి లాగి అందులో పెట్టింది. కంప్యూటర్ వేసి ఆట తెరిచింది. కారు రివ్వున దూసుకుపోయింది. ఒక్క మలుపు దగ్గర కూడా ఆగలేదు.

ఇన్ని నెలలుగా కార్డు లోపలే ఉంది. పై సాకెట్టులో పెట్టిన వైరుకు దానితో సంబంధమే లేదు. వైరు ఒక్క జానెడు కింద పెట్టి ఉంటే చాలు. ఉన్నట్టుండి ఇంకో సంగతి తట్టింది. సాకెట్టు పక్కన చుక్క గుర్తుకోసం సరే, మరి కార్డు మీద ఎందుకు? బాబాయి ఎర్ర చుక్క పెట్టుకునేది తన సొంత సామానుకే కదా!

వెంటనే ఫోన్ చేసింది. పిన్ని ఎత్తింది.

"మీ బాబాయి పెళ్లి ఆల్బం పనిలో ఉన్నారే. తన కంప్యూటర్లో కార్డు తీసి నీకు పెట్టిన దగ్గర్నుంచీ ఆ ఫొటోలు ఓ పట్టాన తెరుచుకోవు. ఎందుకిచ్చారండీ అంటే, పిల్ల సరదాపడిందిలే అంటారు. ఇంతకీ ఆట బాగా నడుస్తోందా, ఏంటి సంగతి?"

జోషిత నోటికి అలవాటైన మాట రాలేదు. "నాకు తెలీదు పిన్నీ. నాకేమీ తెలీదు" అని భోరున ఏడ్చేసింది.

మర్నాడు ఉదయం స్నేహితులంతా అరకు రైలెక్కారు. జోషిత కొత్త కార్డును ఒళ్లో పెట్టుకుని పిఠాపురం బస్సెక్కింది. స్టూడియోలో బాబాయి కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు. తెరమీద పెళ్లికూతురి ఫొటో సగమే తెరుచుకుని ఆగిపోయి ఉంది. జోషిత కార్డును ఆయన చేతిలో పెట్టింది.

"నువ్విచ్చింది డబ్బా కాదు బాబాయ్. నేనే నీ మాట వినిపించుకోలేదు. చుక్కను కూడా గీకేశాను. నన్ను క్షమించు."

బాబాయి కార్డును అటూ ఇటూ తిప్పి చూశాడు. కంప్యూటర్ మూత తీసి, ఆమెను దగ్గరకు పిలిచాడు.

"ముందు ఈ రేకును ఓసారి ముట్టుకోవాలి, ఒంటిమీది కరెంటు దిగిపోతుంది. తర్వాత కార్డును ఇలా నిటారుగా పట్టుకుని..." అంటూ అలవాటు కొద్దీ ఆగిపోయాడు. ఆమె అడ్డు వస్తుందేమోనని చూశాడు.

జోషిత కళ్లు తుడుచుకుంది.

"పట్టుకుని, ఏం చెయ్యాలి బాబాయ్?" అని అడిగింది.

నీతి: ఎదుటివాళ్లు చెప్పేది చివరిదాకా వినాలి, సగంలోనే "నాకు తెలుసు" అనేవాళ్లకు తమ దగ్గర ఉన్నదేమిటో కూడా తెలియదు, అది ఎవరు ఏం వదులుకుని ఇచ్చారో అంతకన్నా తెలియదు.