మొదటి ఆవిరి

అనగనగా ఒక ఊళ్ళో, నోట్లోంచి వచ్చే మాట కూడా పొగై కనిపించేంత చలి. ఎక్కడో ఉత్తరాన, ఫిన్లాండు అనే దేశంలో ఉందమ్మా ఆ ఊరు. అక్కడ హిల్కా అనే కోడలు ఉండేది.

ఆ చలికి తట్టుకోలేక వాళ్ళ పెద్దలు ఏనాడో గొయ్యి తవ్వారు. కాల్చిన రాళ్ళు అందులో పేర్చి, పైన తోళ్ళు కప్పి, రాళ్ళమీద నీళ్ళు చల్లి ఆవిరి పట్టుకున్నారు. ఆ తర్వాత ఆ గొయ్యి దుంగల గుడిసె అయింది. దాన్ని సౌనా అంటారు. ఒళ్ళు కడుక్కునేది అందులోనే, పురుడు పోసేది అందులోనే, పోయినవాళ్ళకి చివరి స్నానం చేయించేదీ అందులోనే. అందుకని అక్కడ ఎవరూ గొంతు పెంచకూడదు. గుళ్ళో ఉన్నట్టు ఉండాలి.

శనివారం పొద్దున్నే హిల్కా కట్టెలు మోసేది. అప్పుడు ఏటిమీద మంచు పగలగొట్టి నీళ్ళు మోసేది. ఆ తర్వాత పొగలో దగ్గుతూ సాయంత్రందాకా రాళ్ళు కాచేది. పొగంతా బయటికి పోయి రాళ్ళు మాత్రం కణకణలాడే వేళకి మగవాళ్ళు స్నానానికి వెళ్ళేవాళ్ళు. ఆవుల పాలు పితికి ఆడవాళ్ళు వచ్చేసరికి మిగిలేది మసీ, గోరువెచ్చటి గాలీ. కాచిందెవరు, కాచుకున్నదెవరు? ఆ ఊళ్ళో అడిగినవాళ్ళు లేరు.

హిల్కాకి మొదటి కానుపు నొప్పులు శనివారమే వచ్చాయి. "మగవాళ్ళ స్నానాలు కానియ్యి, ఓర్చుకో" అంది అత్త రీట్టా. ఓర్చుకుంది. రాళ్ళు చల్లారాక పుట్టిన బిడ్డ తెల్లారేదాకా నిలవలేదు.

రెండోసారి ఇంటినిండా చుట్టాలు. "ఇంకాసేపు ఓర్చుకోవే" అంది అత్త. హిల్కా గొడ్లసావిట్లోనే కంది. ఆ బిడ్డ ఏడవనైనా లేదు.

ఇద్దర్నీ ఆ సౌనాలోనే కడిగి సాగనంపింది.

మూడోసారి నొప్పులు మొదలైనప్పుడు హిల్కా సౌనాలోనే ఉంది. రాళ్ళు కాగాయో లేదో చూద్దామని చెంబుడు నీళ్ళు చల్లింది. ఆవిరి బుస్సున లేచింది. అప్పుడు లేచి తలుపు మూసింది. కూర్చునే బల్ల ఈడ్చి అడ్డం పెట్టింది.

మగవాళ్ళు తువ్వాళ్ళు భుజానేసుకుని వచ్చారు.

"హిల్కా, తలుపు తియ్యవే. చలికి కొయ్యబారిపోతున్నాం" అన్నాడు మొగుడు తావెట్టి.

"నా బిడ్డలూ అలాగే పోయారు" అంది లోపలినుంచి, మెల్లిగా.

తావెట్టి అరుద్దామన్నా అది సౌనా గుమ్మం. అప్పుడు తమ్ముళ్ళు వెళ్ళి తల్లిని పిలుచుకొచ్చారు, "నీ కోడలికి నువ్వే చెప్పు" అని.

రీట్టా గుమ్మం ముందు నిలబడింది. లోపల మూలుగు వినిపించింది. ఆమె మాత్రం ఓర్చుకోలేదా? ఆమె కన్న బిడ్డలూ ముగ్గురు ఆ మంచు కిందే ఉన్నారు. ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు.

"అమ్మాయ్, ఒక్కదానివల్ల కాదే. నన్ను రానియ్యి" అంది.

బల్ల జరిగింది. రీట్టా లోపలికి వెళ్ళి, కొడుకుల మొహంమీదే తలుపు మూసి, బల్ల మళ్ళీ అడ్డం పెట్టింది.

మగవాళ్ళు మంచులో అలాగే నిలబడ్డారు. చాలాసేపటికి కేరుమని ఏడుపు వినిపించింది. ఆ సౌనాలో గొంతు పెంచింది ఆ ఒక్కతే. ఆడపిల్ల. సైమి అని పేరు పెట్టారు.

ఆ తర్వాత ఆ ఇంట్లో ఒక మాట నిలిచిపోయింది. నీళ్ళు మోసినవాళ్ళదే మొదటి ఆవిరి.

సైమి పెద్దదై, బతుకు వెతుక్కుంటూ సముద్రం దాటింది. ఆ దేశంవాళ్ళు ఎక్కడికి వెళ్ళినా ముందు సౌనా, ఆ తర్వాతే ఇల్లు. సైమీ అలాగే కట్టుకుంది. ఆ పొగ చూసి, ఇల్లంటుకుందనుకుని ఇరుగుపొరుగు ఆడవాళ్ళు బిందెలతో పరిగెత్తుకొచ్చారు. సైమి నవ్వి, "నీళ్ళు మోసుకొచ్చారుగా, మొదటి ఆవిరి మీదే, రండి" అంది. అలా సౌనా ఇంకో ఊరికి పాకింది.

ఇక్కడ హిల్కా ముసలిదై కన్నుమూసింది. ఆ రోజు ఏటిమీద మంచు పగలగొట్టి నీళ్ళు మోసింది తావెట్టి. పొగలో దగ్గుతూ సాయంత్రందాకా రాళ్ళు కాచిందీ తావెట్టే. ఆడవాళ్ళు ఆమెను మోసుకొచ్చారు. అప్పుడతను తలుపు తీసి పట్టుకుని, పక్కకి తప్పుకున్నాడు.

"నీళ్ళు నేనే మోశానే హిల్కా. మొదటి ఆవిరి మాత్రం నీదే, వెళ్ళు" అన్నాడు, మెల్లిగా.

కథేమో కంచికి,
ఆవిరేమో మింటికి,
నిద్రేమో నా చిన్నితల్లి కంటికి.