గులాబీ రంగు సాకెట్

నాంచారమ్మ పాడటం ఆపేసింది. మొదటిసారి మాస్టారి కుర్చీలో కూర్చున్న రోజే పురుషోత్తానికి ఈ చిక్కు వచ్చిపడింది.

బాపట్లలో బాజీ మాస్టారి రికార్డింగ్ గది చిన్నదే, అయినా ఆయన దగ్గర పని నేర్చుకోవడం చిన్న సంగతి కాదు. కంప్యూటర్ వెనక్కి వంగి చూడకుండా, చెయ్యి మాత్రం పోనిచ్చి, తడిమి ఏ వైరు ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టగలగాలి. గులాబీ రంగు సాకెట్ మైకుకి, నీలం పాత టేప్ రికార్డరుకి, ఆకుపచ్చ హెడ్‌ఫోనుకీ స్పీకర్లకీ. కొత్త సౌండ్ కార్డుకి ఇంకో మూడు రంగులు తోడయ్యాయి. కరెంటు పోయినా పురుషోత్తం ఒక్కటీ తప్పు పెట్టేవాడు కాదు. ఆ సంగతి వీధిలో తెలియనివాళ్లు లేరు, ఎందుకంటే వాడే చెప్పుకుని తిరిగేవాడు.

అందుకే నాంచారమ్మ పని వాడికి అప్పగించి మాస్టారు వరండాలో కూర్చున్నారు. ఆవిడ ఊళ్లో నాట్ల పాటలు తెలిసినవాళ్లు ఇంకెవరూ మిగల్లేదు. పొద్దుటి బస్సుకి వచ్చింది, సాయంత్రం బస్సుకి వెళ్లిపోతుంది. మళ్లీ ఇంత దూరం రాలేనని ముందే చెప్పింది.

పురుషోత్తం ఆవిణ్ణి ఎత్తు స్టూలు మీద కూర్చోబెట్టాడు. హెడ్‌ఫోను తగిలించుకున్నాడు. మైకుకి జానెడు దూరం ఉండమన్నాడు, గాజులు కదపొద్దన్నాడు, తను వేలెత్తితేనే మొదలుపెట్టమన్నాడు. ఆవిడ ఒక చరణం ఎత్తుకుంది. ఊపిరి తగులుతోందని ఆపాడు. మళ్లీ ఎత్తుకుంది. తల ఊపొద్దని ఆపాడు. ఇంకోసారి గొంతు పెంచమన్నాడు. ఆవిడ స్టూలు దిగి, బల్ల పక్కన నేల మీద చతికిలబడింది.

"నా వల్ల గాదు అబ్బాయ్. పాట యాడికో పోయింది" అంది.

పురుషోత్తం మాస్టారిని లోపలికి పిలిచి ఏకరువు పెట్టాడు. మైకు మంచిది, కార్డు కొత్తది, వైర్లన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి. లోపమంతా ఆవిడదే.

మాస్టారు బల్ల దగ్గరికి వచ్చారు. కంప్యూటర్ వెనక్కి చెయ్యి పోనిచ్చి గులాబీ సాకెట్లోంచి మైకు పిన్ను లాగేశారు. పురుషోత్తం మెడలోంచి హెడ్‌ఫోను తీసి, దాని పిన్ను గులాబీ సాకెట్లో పెట్టారు. హెడ్‌ఫోనుని బల్ల అంచున, నాంచారమ్మ తలకి దగ్గరగా ఉంచారు.

పురుషోత్తానికి నవ్వొచ్చింది. పెద్దాయనకి వయసు మీద పడుతోందనుకున్నాడు. లోలోపల కాస్త సంతోషం కూడా వేసిందని ఒప్పుకోవాలి.

"అది ఆకుపచ్చలో పెట్టాలి మాస్టారూ" అన్నాడు, గౌరవం తగ్గకుండానే.

"సర్లేరా. ఆవిడ పాటలో ఏంటి తేడా? చెప్పు" అంటూ ఆయన రికార్డింగ్ మీట నొక్కారు.

అడగడమే ఆలస్యం. గోడకి ఆనుకుని, ఆయన వైపు తిరిగి, పురుషోత్తం అందుకున్నాడు. తన పనితనం నుంచి మొదలుపెట్టి ఆవిడ ఊపిరిదాకా ఒక్కటీ వదల్లేదు. వాడికి అలుపొచ్చాక మాస్టారు మీట ఆపి, స్పీకర్ల పిన్ను ఆకుపచ్చ సాకెట్లో పెట్టి, బొత్తం తిప్పి శబ్దం బాగా పెంచారు.

గులాబీ సాకెట్లో పెట్టేసరికి హెడ్‌ఫోనే మైకులా పనిచేసింది; ముందు పురుషోత్తం గొంతే వచ్చింది. దాన్ని పోల్చుకోవడానికి వాడికే సిగ్గేసింది. కానీ దాని అడుగున ఇంకేదో ఉంది. గాజుల చప్పుడు, దానికి తగ్గట్టు సన్నగా ఒక పాట. నాంచారమ్మ తనలో తను పాడుకుంటోంది. చరణం మీద చరణం, ఎక్కడా ఆగలేదు. స్పీకర్లో పురుషోత్తం "ఆవిడకి రాగం నిలవదు మాస్టారూ" అంటున్న చోట, ఆ కింద రాగం నిలిచే ఉంది.

"ఇందాక నీ చెవిలో మోగింది ఇదేరా" అన్నారు మాస్టారు, హెడ్‌ఫోను వాడి చేతికిస్తూ. "ఇప్పుడు వింది. చోటు మారిందంతే."

ఆయన మళ్లీ వరండాలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసేశారు. కుర్చీ ఇంకా తనదేనని పురుషోత్తానికి అప్పుడు అర్థమైంది.

మైకుని మళ్లీ గులాబీ సాకెట్లో పెట్టాడు. దాన్ని స్టూలు దగ్గర్నుంచి దించి నేలకి దగ్గరగా నిలబెట్టాడు. రికార్డింగ్ మొదలుపెట్టి, వచ్చి నాంచారమ్మ ఎదురుగా కింద కూర్చున్నాడు. వేలెత్తలేదు. ఆవిడ వాడి వైపు చూసింది, కిటికీ వైపు చూసింది, గాజులు సవరించుకుంది. వాడు కదల్లేదు.

ఆ పాటలన్నీ ఇప్పటికీ మాస్టారి దగ్గర ఉన్నాయి. మొదట్లో చాలాసేపు ఏమీ వినిపించదు. ఆ భాగం కత్తిరించేద్దామని వచ్చినవాళ్లందరూ అంటారు. మాస్టారు ఒప్పుకోరు.

"పాట ఆవిడది" అంటారు, మొహమంతా వెలిగిపోతుంటే. "ఆ ముందుది మావాడిది."