తెల్లచొక్కాలూ రెండు దుప్పట్లూ

రేపల్లెలో జక్రయ్య అనే బోధకుడు ఉండేవాడు. వాక్యం బాగా చెప్పేవాడు గాని, గంజిపెట్టి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, తెల్లప్యాంటు లేనిదే గడప దాటేవాడు కాదు. చొక్కా నలుగుతుందని పసిపిల్లలను కూడా ఎత్తుకునేవాడు కాదు.

ఒక ఏడు జూన్ నెలలో అతని సంఘం నుంచి ఆరుగురు మలావీ దేశంలోని ఒక కొండ ఊరికి సేవకు బయలుదేరారు. జట్టుకు పెద్ద శాంతమ్మగారు, రిటైరైన నర్సు. ఆవిడ ముందే చెప్పింది.

"ఒక్కొక్కరి పెట్టెలో ఎనిమిది దుప్పట్లు పెట్టండి, అవి అక్కడివాళ్ళకు. మిగిలిన చోట్లోనే మీ బట్టలు. ముదురు రంగువి రెండు జతలు, ఒక స్వెట్టరు చాలు."

జక్రయ్య సర్దుకుంటుంటే పెట్టె మూతపడలేదు. రెండు దుప్పట్లు తీసి మంచం మీద పెట్టాడు. స్వెట్టరూ తీసేశాడు. ఆ చోట్లో ఆరు తెల్లచొక్కాలు, ఇస్త్రీపెట్టె ఇరికించాడు.

"దుప్పట్లు తీసేస్తున్నారేమిటండీ?" అంది భార్య కరుణ.

"ఆఫ్రికాలో చలేమిటే? దైవసేవకుడు నలిగిన బట్టల్లో నిలబడితే ఎవరు వింటారు?"

"వినేవాళ్ళు చెవులతో వింటారు గాని, మీ చొక్కాతో కాదుగా."

జక్రయ్య పెట్టె మూత నొక్కి తాళం వేశాడు.

తీరా వెళితే ఆ ఊళ్ళో కరెంటు లేదు. జూన్ అంటే అక్కడ చలికాలం; మంచులాంటి సన్నటి వాన, ఎముకలు కొరికే చలి. అక్కడి పాస్టరు ముందుగానే లెక్క వేసి, ఇంటికొక దుప్పటి అని మాట ఇచ్చి ఉన్నాడు. పంచితే రెండు ఇళ్ళకు తక్కువ పడ్డాయి. వరస చివర నిలబడిన ముసలావిడ చిన్నగా నవ్వి, ఉత్త చేతులతో పక్కకు జరిగింది.

"నీ పెట్టెలోవి అన్నీ ఇచ్చావా బాబూ?" అంది శాంతమ్మగారు.

"తెచ్చినవన్నీ ఇచ్చేశానండీ," అన్నాడు జక్రయ్య. ఆ మాట అబద్ధం కాదు, నిజమూ కాదు.

సాయంత్రం ప్రార్థన మొదలైంది. గుడికి గచ్చు లేదు, కప్పు కారి నేలంతా బురద. అందరూ ఆ బురదలోనే మోకరించారు. జక్రయ్య ఒక్కడే కుర్చీ కోసం అటూ ఇటూ చూస్తూ నిలబడ్డాడు. అప్పుడా ముసలావిడ లేచి, తను కప్పుకున్న గుడ్డ తీసి అతని ముందు పరిచి, వాళ్ళ భాషలో ఏదో అంది.

"మీ తెల్లబట్టలకు మట్టి అంటుతుందట. దీని మీద మోకరించమంటోంది," అన్నాడు పాస్టరు ఇంగ్లీషులో.

ఆమె భుజాలు వణుకుతున్నాయి. అతని పెట్టె నిండా బట్టలే. వాటిలో ఆమెకు కప్పదగినది ఒక్కటీ లేదని జక్రయ్యకు అప్పుడు తట్టింది.

గుడ్డ తీసి, దులిపి, ఆమె భుజాల చుట్టూ కప్పాడు. తెల్లప్యాంటుతోనే బురదలో మోకరించాడు.  ప్రార్థనకు ముందే, ఆమెకు తెలియజెప్పమని పాస్టరును అడిగి, అందరూ వినేలా అన్నాడు.

"అమ్మా, నీ దుప్పటి మా ఇంట్లో మంచం మీద ఉంది. నేనే తీసి పెట్టి వచ్చాను."

సేవకు వెళ్ళేవాడు తన పెట్టెలో ఎదుటివారి అవసరానికే మొదట చోటు పెట్టాలి; మోకరించనివ్వని బట్ట ఎంత తెల్లగా ఉన్నా మాసిన బట్టే.